కూటా తీరాన చవక బస – బాలి ద్వీపపు ఒక విడిది చరిత్ర

ఇల్లు విడిచి వెళ్ళినవాడు తల దాచుకొనే చోటును మన భాష ఎన్ని పేర్లతో పిలిచిందో! సత్రము, విడిది, బస, మకాము... ఒక్కొక్క మాటా ఒక్కొక్క తరహా అతిథిని స్ఫురింపజేస్తుంది. ఇండోనేసియాలోని బాలి ద్వీపానికి సంబంధించి ఇటువంటి మాటలు రెండు నన్ను ఆకర్షించాయి. మొదటిది ‘విస్మ’. అమరకోశం వల్లె వేసినవారు దీనిని ఇట్టే పోల్చుకుంటారు. అమరుడు గృహానికి చెప్పిన పర్యాయపదాలలోని ‘వేశ్మ’మే అక్కడ అతిథిగృహమైంది. రెండవది ‘లోస్‌మెన్’. బసకు ఫ్రెంచివారు వాడే మాట డచ్చి పాలకుల ద్వారా ఆ దీవులకు చేరి ఇట్లా మారింది. కడలి ఒడ్డున చవకగా దొరికే గదికి 1970వ దశకంలో వాడుకైన పేరు ఈ రెండవదే. ఆ గది కథ చెప్పడమే ఈ టపా ఉద్దేశం.

బాలివారి దిక్కులలో ముఖ్యమైనవి కొండవైపు, కడలివైపు. కొండ దేవతల నెలవు. కడలి కల్మషాన్ని కడిగే చోటు. వారి శకసంవత్సరాది ‘న్యెపి’కి ముందు దేవతా ప్రతీకలను ఊరేగింపుగా తీరానికి తెచ్చి శుద్ధి చేస్తారు. అయితే సేద్యానికి విలువైన నేల మాత్రం లోపలి మాగాణియే. దక్షిణ తీరంలోని కూటా జాలరుల పల్లె. ఇసుక నేల, కొబ్బరి తోటలు. మాడ్స్ లాంగె అనే డేనిష్ వర్తకుడు 1839 నుండి 1856లో మరణించేదాకా అక్కడ వ్యాపారం సాగించాడు. ఆ తరువాత ఆ రేవు సందడి సద్దుమణిగింది.

1936లో రాబర్ట్, లూయీజ్ కోక్ అనే అమెరికా దంపతులు అక్కడికి వచ్చారు. డచ్చి నౌకా సంస్థ దెన్‌పసార్ పట్టణంలో 1928లో తెరిచిన బాలి హోటలులో దిగడమే అప్పటి విదేశీయుల ఆనవాయితీ. కోక్ దంపతులు మాత్రం కూటా ఇసుకలో గడ్డి కప్పిన కుటీరాలు కట్టించి హోటలు నడిపారు. హవాయిలో నేర్చుకున్న అలలపై పలకస్వారీని రాబర్ట్ ఇక్కడ పరిచయం చేశాడు. 1942లో జపాను సేనల రాకతో అంతా వదలి వెళ్ళవలసి వచ్చింది. యుద్ధానంతరం ఆ కుటీరాల ఆనవాళ్ళు కూడా అంతగా మిగలలేదు. లూయీజ్ రాసుకున్న జ్ఞాపకాలు 1987లో గాని పుస్తకంగా వెలువడలేదు.

ఆ తరువాతి ఘట్టం దారుణమైనది. 1965-66లో కమ్యూనిస్టులన్న ముద్రతో సాగిన ఊచకోతలో బాలిలోనే సుమారు 80,000 మంది హతులయ్యారని చరిత్రకారుల అంచనా. ఆ నెత్తురు ఆరీ ఆరకముందే, 1966లో, సానూర్ తీరాన జపాను యుద్ధ పరిహార ధనంతో పది అంతస్తుల బాలి బీచ్ హోటలు వెలసింది. 1969లో విమానాశ్రయాన్ని పెద్ద జెట్ విమానాలకు అనువుగా విస్తరించారు. 1971లో ఒక ఫ్రెంచి సంస్థ పర్యాటక ప్రణాళిక రచించింది. విదేశీయులు ఊళ్ళలో కలిస్తే సంస్కృతి చెడుతుంది. కనుక నూసా దువా అనే నిస్సారమైన భూమిలో ఖరీదైన హోటళ్ళు కట్టి వారిని అక్కడే ఉంచాలి. పగటిపూట మాత్రం ఊళ్ళు చూపించి తీసుకురావాలి. స్థూలంగా ఆ ప్రణాళిక సారాంశమిది.

అయితే నూసా దువాలో మొదటి పెద్ద హోటలు తెరుచుకొనేసరికి 1983 వచ్చింది. చేతిలో డబ్బు తక్కువ, వీపున సంచి మాత్రమే ఉన్న యువకులు అన్నాళ్ళు ఆగుతారా? ఆస్ట్రేలియా నుండి అలల కోసం వచ్చేవారు, ఐరోపా నుండి నేలదారిన ఆసియా దాటి వచ్చేవారు కూటాలో దిగసాగారు. టోనీ, మౌరీన్ వీలర్ దంపతులు 1975లో వెలువరించిన ఆగ్నేయాసియా చవక ప్రయాణాల పుస్తకం ఇటువంటివారికి కరదీపిక అయింది.

వారికి దొరికిన బస ఎటువంటిది? బాలివారి ఇల్లు ఒకే కట్టడం కాదు. ప్రహరీ లోపల విడివిడి సావిళ్ళు, వంటిల్లు, నడుమ వాకిలి. దక్షిణ బాలిలో కొండ ఉత్తరాన ఉంటుంది గనుక కులదేవతల గుడి ఈశాన్య మూలన వస్తుంది. ఈ మాట మన పాఠకులకు వివరించనక్కరలేదు! ఆ వాకిట్లోనే ఒక వరుస గదులు లేపి, ముందు చిన్న వసారా దింపితే లోస్‌మెన్ సిద్ధం. మంచం, దోమతెర, కిరసనాయిలు దీపం, ఫ్లాస్కులో టీ, పొద్దున అరటిపండు. స్నానానికి నీళ్ళతొట్టి, ముంచుకోవడానికి చెంబు వంటి పాత్ర. తెలియని పాశ్చాత్యులు ఆ తొట్టిలోకే దిగి కూర్చునేవారట! గది గడప ముందు ఇంటి స్త్రీ కొబ్బరాకు దొన్నెలో పూలు, అక్షతల్లాంటి మెతుకులు, అగరువత్తి ఉంచి వెళ్ళేది. అతిథి దానిని దాటుకొని నడవవలసిందే.

నా దృష్టిలో ఈ కథ కీలకం ఇక్కడే ఉంది. సంస్కృతిని కాపాడడానికి నిపుణులు అతిథికీ ఊరికీ నడుమ గోడ కట్టదలచారు. కూటాలో గోడ లోపలే, గృహిణి కనుసన్నలలోనే, అతిథి ఉన్నాడు. అతడు ఇచ్చిన కొద్ది డబ్బు ఆ ఇంటికే చేరింది. జాలరి కుటుంబాలకు తమ ఇసుక నేలమీద కూడు దొరికింది. పెద్ద హోటలులో అదే కుటుంబం నుండి వెళ్ళినవాడు జీతగాడు మాత్రమే.

అలాగని కూటాను స్వర్గమనలేము. ఆదాయం పెరిగిన కొద్దీ వాకిళ్ళు అంతస్తులయ్యాయి. జాలరి పల్లె రాత్రంతా మేలుకొనే మద్యశాలల వీధిగా మారింది. 2002 అక్టోబరు 12న అక్కడ జరిగిన బాంబుదాడిలో 202 మంది మరణించారు. 1960 భూచట్టం ప్రకారం విదేశీయులకు భూమిపై పూర్తి యాజమాన్యం దక్కదు. అయినా దీర్ఘకాలపు కౌలు ఒకసారి రాసి ఇచ్చాక, తన వాకిలి తన మాట వినదు.

సంస్కృతిని ధ్వంసం చేసేది ఊళ్ళలో కలిసే అతిథి అని 1971 నాటి నిపుణులు తలచారు. కూటా అనుభవం చూస్తే, అతిథి ఎవడన్నదానికన్నా గది తాళంచెవి ఎవరి కొంగున ఉందన్నదే పెద్ద ప్రశ్న అని నాకు తోస్తున్నది. వేశ్మం గృహస్థుని చేతిలో ఉన్నంతకాలం వచ్చినవాడు అతిథి. చేయి మారిన నాడు అతడు ఖాతాదారు.