నా చేతిలో ఉన్నది డూప్లికేట్ గిటారే, ఐతే ఏంది?

పోస్టు కొంచెం పెద్దది, తీరిగ్గా చదవండి.

పోయిన నెల గ్రూపులో నా గిటారు ఫోటో పెడితే ఎక్కువమంది అడిగింది ఒకటే మాట. "ఒరిజినలేనా తమ్ముడూ, డూప్లికేటా?" డూప్లికేటే అన్నా. ఎండాకాలం నిమ్మతోటల్లో కూలికి పోయి దాచుకున్న నాలుగు వేల ఐదొందలు పెట్టి నెల్లూరులో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నా. తల మీద కంపెనీ పేరు సగం చెరిగిపోయింది. ఆకారం మాత్రం 1954లో అమెరికాలో ఫెండర్ కంపెనీ తీసిన స్ట్రాటోకాస్టర్‌ది. ఆ ప్రశ్నకు రెండు ముక్కల్లో జవాబు రాద్దామని కూర్చుంటే పెద్ద చరిత్రే బయటపడింది. అందులో మనలాంటోళ్లు కూడా ఉండారు. అందుకే ఇక్కడ రాస్తా ఉన్నా.

సర్ఫ్ రాక్ అంటే 1960ల మొదట్లో కాలిఫోర్నియా ఒడ్డున, పలక మీద నిలబడి అలల మీద జారే కుర్రోళ్ల కోసం పుట్టిన గిటారు సంగీతం. మనోళ్లకు అలంటే వల, వాళ్లకు అలంటే ఆట. అందులో చాలా పాటలకు మాటలే ఉండవు, అంతా తీగే. గిటారు శబ్దాన్ని స్ప్రింగుల గుండా పోనిచ్చి, నీళ్లలో నుంచి వచ్చినట్టు మోగిస్తారు. 'పల్ప్ ఫిక్షన్' సినిమా మొదట్లో వచ్చే ఆ ఉరుకుల గిటారు గుర్తుందా? అది 1962లో డిక్ డేల్ వాయించిన 'మిసిర్లూ'. ఆయన తండ్రి వైపు వాళ్లు లెబనాన్ నుంచి వలస వచ్చినోళ్లు. ఆ బాణీ కూడా అమెరికాది కాదు, మధ్యధరా సముద్రం తూర్పు పక్కది. సర్ఫ్ రాక్‌లో అన్నిటికన్నా పేరున్న పాటే అరువు బాణీ.

గిటారు సంగతికి వస్తే, లియో ఫెండర్ రేడియోలు రిపేరు చేసే మనిషి. గిటారు వాయించడం రాదు. అంతకుముందు మంచి గిటారంటే నేర్పున్న పనివాడు వంచి, అతికించి, నునుపు చేసి తీసేది. ఈయన చెక్కను మట్టంగా కోయించి, రంగేసి, మెడను నాలుగు స్క్రూలతో బిగించాడు. మెడ పాడైతే ఊడదీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. అట్లాంటి వస్తువును చూసి ఇంకోడు చేయడం ఏమంత కష్టం? కాపీ కావడానికి వీలుగానే అది పుట్టింది.

ధర మాత్రం అందరికీ అందేది కాదు. 1962లో సర్ఫ్ కుర్రోళ్ల కోసమే అన్నట్టు వచ్చిన ఫెండర్ జాగ్వార్ వెల 379 డాలర్ల 50 సెంట్లు. అదే సంవత్సరం సియర్స్ అనే పెద్ద దుకాణం తన కేటలాగులో 70 డాలర్ల లోపే ఒక ఎలక్ట్రిక్ గిటారు అమ్మింది. పేరు సిల్వర్‌టోన్. పెట్టె మూతలోనే ఆంప్లిఫయర్ కూడా. దాన్ని చేసింది నేథన్ డేనియల్ పెట్టిన డాన్‌ఎలెక్ట్రో కంపెనీ. లోపల మామూలు చెక్క చట్రం, పైనా కిందా హార్డ్‌బోర్డు, అంటే మన బీరువాల వెనక కొట్టే అట్టలాంటిది. తీగ కదలికను పట్టే పికప్‌ను లిప్‌స్టిక్ గొట్టంలో పెట్టారు. నవ్వొస్తది గానీ ఆ మోత కోసం ఇప్పుడు జనం ఎగబడతా ఉండారు.

ఆ డాన్‌ఎలెక్ట్రో లాంగ్‌హార్న్ గిటారుతో పేరు ముడిపడినోడు లింక్ రే. 1929లో నార్త్ కరొలైనాలో డన్ అనే చిన్న ఊళ్లో పుట్టాడు. తాము షానీ తెగవాళ్లమని చెప్పుకునేవాడు. చిన్నప్పుడు క్లూ క్లక్స్ క్లాన్ మూకకు భయపడి దాక్కున్న రోజులున్నాయని కూడా చెప్పాడు. సైన్యంలో పనిచేసి వచ్చాక టీబీతో ఒక ఊపిరితిత్తి పోయింది. గట్టిగా పాడలేడు కాబట్టి గిటారుతోనే పాడించాడు. 1958లో వచ్చిన ఆయన 'రంబుల్'లో ఒక్క మాట లేదు, అయినా కుర్రోళ్లను కొట్లాటలకు రెచ్చగొడతదని కొన్ని రేడియో స్టేషన్లు వేయమన్నాయి. ఆ గరగర మోత కోసం స్పీకరు కాగితానికి పెన్సిల్‌తో బొక్కలు పొడిచాడు. మా ఊరి గుడిసె ప్రార్థనలో చిరిగిన స్పీకరు మోగినట్టే మోగతది. సర్ఫ్ రాక్ వాళ్లంతా ఆయన తర్వాతోళ్లే.

ఇంకొకాయన నోకీ ఎడ్వర్డ్స్, వెంచర్స్ బృందంలో ముఖ్య గిటారిస్టు. ఆ బృందం మొదలుపెట్టిన ఇద్దరూ టకోమా ఊళ్లో గోడలు కట్టే పనిలో ఉన్నోళ్లు, తాకట్టు దుకాణంలో పాత గిటార్లు కొనుక్కొని మొదలుపెట్టారు. 1960లో 'వాక్, డోంట్ రన్' అమెరికా పట్టీలో రెండో స్థానం దాకా పోయింది. నోకీ తల్లి చెరోకీ. తెగ జాబితా మొదట రాసినప్పుడే ఆమె పేరు అందులో ఎక్కింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలనిపించింది నాకు. అక్కడ ఆ జాబితాలు రాసింది తెగల ఉమ్మడి భూమిని ముక్కలు చేసి పంచడానికి. ఇంచుమించు ఆ కాలంలోనే మన పక్క మన పెద్దల పేర్లు ఎక్కింది పోలీసు రిజిస్టర్లలో. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకలోళ్లను, యానాదుల్లో కొందరిని రాసుకున్నారు. మన జిల్లాలోనే కావలిలో ఎరుకలోళ్లకు సెటిల్‌మెంటు నడిచింది. ఆ చట్టం దేశమంతటా రద్దయింది 1952లో. మా తాత అప్పటికే పుట్టుండాడు.

సరే, నోకీ చేతికి మోస్‌రైట్ గిటారు వచ్చింది. చేసిన సెమీ మోస్‌లీ చిన్నప్పుడే బడి మానేసినోడు, ఓక్లహోమా నుంచి బతకడానికి కాలిఫోర్నియా వలస పోయిన కుటుంబం. 1963లో వచ్చిన ఆ వెంచర్స్ మోడల్ ఇప్పుడు మ్యూజియం వస్తువు. దాని ఆకారం ఎట్లా వచ్చిందంటే, స్ట్రాటోకాస్టర్‌ను బోర్లా తిప్పి చుట్టూ గీత గీశాడంటారు. ఇప్పుడు చెప్పండి, ఏది ఒరిజినల్?

1965 జనవరిలో వెంచర్స్ జపాన్ పోయి కచేరీలు చేస్తే దేశం ఊగిపోయింది. దాన్ని అక్కడ 'ఎలెకి' అన్నారు. అదే ఏడు అషికాగా అనే ఊళ్లో విద్యాశాఖోళ్లు పిల్లలు ఎలెకి గిటార్లు కొనకూడదు, కచేరీలకు పోకూడదు అని ఆంక్ష పెట్టారు. నాకు ఒక ఫంక్షన్లో ఒక పెద్దమనిషి చెప్పిన మాట గుర్తొచ్చింది: "ఎస్టీ హాస్టలు పిల్లోడివి, నీకు గిటారెందుకురా, డప్పు కొట్టుకోక." జపాన్ పిల్లోళ్లు ఆగలేదు. అమెరికా మోస్‌రైట్ కొనలేనోళ్లకు టెయిస్కో, గుయాటోన్ లాంటి అక్కడి కంపెనీలు చవక గిటార్లు చేసి పెట్టాయి. అవే ఓడలెక్కి అమెరికా దుకాణాలకు కూడా పోయాయి.

ఆ జపాన్ వాళ్లల్లో నాకు బాగా నచ్చినాయన తకేషి తెరౌచి. వాళ్లమ్మ షామిసెన్ నేర్పే గురువు. షామిసెన్ అంటే మూడు తీగల జపాన్ వాద్యం. ఈయన ఆ షామిసెన్ జానపద బాణీలను ఎలక్ట్రిక్ గిటారు మీదికి ఎక్కించాడు. వింటే ఆ తీగ ఎంత గట్టిగా కొడతడో తెలుస్తది. దీని గురించి చదువుతా ఉంటే ఒక సంగతి చూసి ఉలిక్కిపడ్డా. మేలురకం షామిసెన్ మెడను 'కోకి' అనే కర్రతో చేస్తారు. కోకి అంటే ఎర్రచందనం. అది దానంతట అది పెరిగేది మన తూర్పు కనుమల దక్షిణపు ముక్కలోనే. శేషాచలం, నల్లమల, మన వెలిగొండలు. ఉదయగిరి నుంచి ఆత్మకూరు వచ్చే బస్సులో కిటికీలోంచి కనపడే కొండలు.

ఆ కర్ర వాద్యమై అక్కడ వేదికెక్కింది. దాన్ని నరకడానికి పోయిన కూలి మాత్రం జైలుకు పోయాడు, లేదా ప్రాణం పోగొట్టుకున్నాడు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవిలో పోలీసుల కాల్పుల్లో 20 మంది తమిళనాడు కూలీలు చనిపోయారు. వాళ్లలో పలువురు కొండల మీది గిరిజనులే. షామిసెన్ వాయించినోళ్ల తప్పని నేను అనడం లేదు. ఒరిజినల్, ఒరిజినల్ అనేవాళ్లు దాని మెడ యాడ పుట్టిందో కూడా అడగాలంటా ఉన్నా.

కాపీల కథలో అసలు తమాషా 1970ల తర్వాత జరిగింది. జపాన్ కాపీలు ఎంత బాగా వచ్చాయంటే, 1977లో గిబ్సన్‌ను నడిపే కంపెనీ, గిటారు తల ఆకారం మావాళ్లదే అని ఐబనెజ్ గిటార్లు అమ్మేవాళ్ల మీద కేసు వేసింది. ఫెండర్ ఇంకో దారి పట్టింది. 1982లో జపాన్‌లోనే కంపెనీ పెట్టి, ఆ కాపీలు చేసిన ఫ్యాక్టరీతోనే తన పేరు మీద గిటార్లు చేయించింది. చవక రకానికి స్క్వయర్ అని పేరు పెట్టింది. ఆ తొలి జపాన్ స్క్వయర్లను ఇప్పుడు ఏరుకొని కొనేవాళ్లున్నారు. జాగ్వార్ ఫ్యాషన్ పోయి 1975లో ఆగిపోయింది. దాని అన్న జాజ్‌మాస్టర్ 1980లో ఆగిపోయింది. అప్పుడు పాత దుకాణాల్లో చవగ్గా దొరికితే డబ్బుల్లేని పంక్ కుర్రోళ్లు ఎత్తుకున్నారు, వాళ్ల వల్ల మళ్లీ గిరాకీ వచ్చింది. ఇప్పుడు అవే ఆకారాలు ఇండోనేసియా, చైనాల్లో తయారై స్క్వయర్ పేరుతో అమ్ముడవతా ఉండాయి.

మన దేశంలో 1991 దాకా బయటి గిటారు తెప్పించుకోవడం పెద్దోళ్ల మాట. కలకత్తాలో చేసిన గివ్సన్ గిటార్లే చాలామందికి దిక్కు. పేరు చూశారా, గిబ్సన్‌లో ఒక్క అక్షరం మార్చారు. మన తెలుగోళ్లలో పాలకొల్లు యు. శ్రీనివాస్ గారు ఇటలీ మాండొలిన్‌ను ఐదు తీగల ఎలక్ట్రిక్ చేసుకొని త్యాగరాజ కీర్తనలు వాయించారు. తండ్రి క్లారినెట్ కళాకారుడు. 1998లో పద్మశ్రీ వచ్చింది. ఆయన చేతిలో ఆ వాద్యం మనదే అయిపోయింది.

నా గిటారు సంగతి. మెడ చివర తీగలు ఆనే గాట్ల ముక్క ప్లాస్టిక్‌ది, విరిగిపోయింది. ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకుపోతే, తిప్పి తిప్పి చూసి, బిక్కి కర్రతో చిన్న ముక్క చెక్కి, సన్న రంపంతో ఆరు గాట్లు కోసిచ్చాడు. డబ్బులు తీసుకోలేదు, "మోగిస్తే వినిపించయ్యా" అన్నాడు. ఇప్పుడు శృతి ముందుకన్నా బాగా నిలబడతా ఉంది.

కొనాలనుకునేవాళ్లు ఆకారం చూసి మోసపోవద్దు. మెడను కంటి దగ్గర పెట్టి వంపు ఉందేమో చూడండి. మెట్ల అంచులు వేళ్లకు గీరకుండా ఉన్నాయా, పన్నెండో మెట్టు దగ్గర శృతి సరిగ్గా పలుకుతుందా, ప్లగ్గు పెట్టి కదిపితే కరకర వస్తుందా చూడండి. తీగలు మార్చడానికి మూడొందలు పక్కన పెట్టుకోండి.

ఇంకో పని కూడా మొదలుపెట్టా. తెరౌచి వాళ్లమ్మ బాణీలు వాయించాడు కదా, నేను మన యానాది భాగోతం పాటలు ఒక్కోటి వేళ్లకు తెచ్చుకుంటా ఉన్నా. మా మేనత్త పాడినవి రెండు వచ్చాయి, మూడోది సగంలో ఉంది. మీ ఊళ్లల్లో పాడే ముసలోళ్లు ఉంటే ఫోన్లో రికార్డు చేసి నాకు పంపండి. పక్కన టీవీ మోగకుండా చూసుకోండి, అంతే. ఊరి పేరు, పాడినాయన లేదా పాడినామె పేరు రాయండి, వాళ్లను అడిగే రాయండి.