సోదె చెప్పిన నోరు, నేరం మోసిన పేరు: ఎరుకల సముదాయం – పౌరసత్వ చరిత్ర

తెలుగు యక్షగానాల్లో, కురవంజుల్లో ఎరుకలసాని సుపరిచితమైన పాత్ర. నాయిక మనసు గ్రహించి జరగబోయేది చెబుతుంది. అంతఃపురంలో సైతం ఆమె మాటకు మన్నన ఉంటుంది. శ్రీనివాస కల్యాణ కథలో ఆకాశరాజు ఇంట అడుగుపెట్టి పద్మావతి మనోగతాన్ని బయటపెట్టేది ఎరుకలసాని వేషంలోని శ్రీనివాసుడే. కాగా 20వ శతాబ్దం తొలినాళ్లకు ఇదే సముదాయం పేరు పోలీసు రికార్డుల్లో నేరానికి పర్యాయపదమైంది. ఈ మార్పు ఎట్లా జరిగింది, స్వతంత్ర భారతంలో లభించిన పౌరసత్వం ఆ ముద్రను ఎంతవరకు తొలగించింది అనేవి ఈ వ్యాసంలో పరిశీలించే అంశాలు. నేరజాతుల చట్టం రద్దయినప్పటికీ, దానికి ఆధారమైన పోలీసు వర్ణన జాతిశాస్త్రం రూపంలో మన పరిశోధనలో నిలిచిపోయిందని, అసంపూర్ణ పౌరసత్వానికి ఇదీ ఒక కారణమని ఇక్కడి ప్రతిపాదన.

బతుకుతెరువు – చట్టం

ఎరుకలవారిలో చాలామంది సంచార వర్తకులు. కోస్తా ఉప్పును పశువుల మీద లోపలి గ్రామాలకు చేర్చి, బదులుగా ధాన్యం తెచ్చుకునేవారు. బుట్టలు, తట్టలు అల్లడం, పందులను పెంచడం, సోదె చెప్పడం వారి ఇతర వృత్తులు. 19వ శతాబ్దం ఉత్తరార్ధంలో రైలుమార్గాలు, ప్రభుత్వ ఉప్పు విధానం ఈ వర్తకాన్ని దెబ్బతీశాయి. 1876–78 కరువు, 1882 నాటి మద్రాసు అటవీ చట్టం మిగిలిన ఆధారాలనూ కుదించాయి. మీనా రాధాకృష్ణ 2001లో ప్రచురించిన 'డిసానర్డ్ బై హిస్టరీ' గ్రంథం మద్రాసు రాజధానికి సంబంధించి ఈ క్రమాన్ని వివరంగా చర్చించింది. వర్తకం పోయిన తరువాత కూడా తిరుగుతున్న మనుషులు పాలకుల కంటికి అనుమానితులయ్యారు.

1871లో వచ్చిన నేరజాతుల చట్టం ఏ సముదాయాన్నయినా ప్రకటన ద్వారా నేరజాతిగా నిర్ణయించే అధికారాన్ని ప్రభుత్వానికి ఇచ్చింది. ఆ ప్రకటనను ప్రశ్నించే అధికారం న్యాయస్థానాలకు లేదు. 1911 చట్టంతో ఈ వ్యవస్థ మద్రాసు రాజధానికి విస్తరించింది. 1924లో వేర్వేరు నిబంధనలను ఒకే చట్టంగా క్రోడీకరించారు. పేర్ల నమోదు, వేలిముద్రలు, పోలీసు హాజరు, ఊరు దాటడానికి అనుమతి పత్రం, పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారం ఇందులోని ప్రధానాంశాలు. వ్యక్తి నేరం చేశాడని రుజువు కానక్కరలేదు. ఫలానా కులంలో పుట్టడమే చాలు.

1911 తరువాత కొన్నేళ్లకే సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టువర్టుపురం సెటిల్‌మెంటు ఏర్పడింది. గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు హెరాల్డ్ స్టువర్ట్ పేరే దానికి పెట్టారు. సీతానగరం, కావలి, సిద్ధాపురంలలోనూ ఇటువంటి కేంద్రాలుండేవి. స్టువర్టుపురం వాసులు చీరాల పొగాకు కర్మాగారానికి కూలీలయ్యారు. సంస్కరణ పేరిట ఏర్పడిన ఆవాసం పరిశ్రమకు చవకైన శ్రమను కూడా సమకూర్చింది.

రద్దు – మిగిలిన నీడ

వెన్నెలకంటి రాఘవయ్య వంటివారి కృషి ఈ చట్టం రద్దుకు తోడ్పడింది. మద్రాసు రాష్ట్రం 1947లోనే దాన్ని రద్దుచేసింది. దేశవ్యాప్త రద్దు మాత్రం 1952 ఆగస్టు 31న అమలులోకి వచ్చింది. అంటే 1950 జనవరి 26 తరువాత రెండేళ్ల ఏడు నెలల పాటు దేశంలోని అనేక ప్రాంతాల్లో సమానత్వాన్ని హామీ ఇచ్చిన 14వ అధికరణం, స్వేచ్ఛగా సంచరించే హక్కునిచ్చిన 19వ అధికరణం, పుట్టుకతో నేరస్థులను నిర్ణయించిన చట్టం పక్కపక్కనే ఉన్నాయి.

మద్రాసులో కూడా రద్దు వెంటనే 1948లో అలవాటుపడ్డ నేరస్థుల నియంత్రణ చట్టం వచ్చింది. అక్షరార్థంలో అది సముదాయానికి కాక, శిక్షపడిన వ్యక్తికి వర్తిస్తుంది. కానీ అనుమానం అంత సులువుగా సముదాయం నుంచి వ్యక్తికి మారలేదు. 2024 అక్టోబరు 3న సుకన్య శాంత కేసులో సుప్రీంకోర్టు జైలు నియమావళుల్లోని కులవివక్ష నిబంధనలను కొట్టివేస్తూ, విముక్త జాతులపై వలసకాలపు మూసధోరణి కొనసాగడాన్ని తప్పుపట్టవలసి వచ్చింది.

ఆధారాల పరంపర

ఆ ధోరణి పోలీసు ఠాణాకే పరిమితం కాదు. 1991లో వచ్చిన 'స్టువర్టుపురం దొంగలు' చిత్రం శీర్షికే ఒక ఊరిపేరును దొంగతనంతో ముడిపెట్టింది. సినిమా విషయాన్ని గుర్తించడం తేలిక. మన విద్యారంగంలో ఉన్నది గుర్తించడం కష్టం. తెలుగులో కులాలు, జానపద కళల మీద వచ్చే పరిశోధనకు ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో వెలువరించిన ఏడు సంపుటాలు నేటికీ ప్రాథమిక ఆకరం. ఎరుకలవారిని కొరవల కింద చేర్చి థర్‌స్టన్ రాసిన భాగం పోలీసు అధికారుల రచనల మీద గణనీయంగా ఆధారపడింది. మద్రాసు రాజధాని నేరవర్గాలపై 1892లో పుస్తకం రాసిన ముల్లాలీ పోలీసు అధికారి. ఎరుకలవారిపై రాసిన పాపారావు నాయుడు కూడా ఆ శాఖవారే. నేరగాళ్లను పట్టుకోవడానికి సేకరించిన సమాచారం థర్‌స్టన్ చేతిలో జాతి స్వభావంగా మారింది. దాన్ని విమర్శ లేకుండా ఉటంకించినప్పుడల్లా పోలీసు అనుమానానికి విశ్వవిద్యాలయ ప్రామాణ్యం తోడవుతుంది.

ముగింపు

చట్టం రద్దుకు శాసనసభ చాలు. ఉటంకింపు రద్దుకు పరిశోధకులు కావాలి. థర్‌స్టన్‌ను పక్కనపెట్టనవసరం లేదు గానీ, ఆయన ఎవరి కళ్లతో చూశారో చెప్పకుండా వాడుకోరాదు. ఉప్పు వర్తకం, వెదురు పని, సోదె సంప్రదాయాల గురించి ఎరుకల కుటుంబాల మౌఖిక కథనాలను పోలీసు పత్రాలకు ఎదురుగా నిలిపి చదవడం తక్షణావసరం. యక్షగానంలోని ఎరుకలసానిని కళాఖండంగా ఆదరించి, ఆమె వంశీకుల చరిత్రను ఠాణా రిజిస్టరు నుంచి తీసుకోవడం సాహిత్య అధ్యయనంలోని వైరుధ్యం. దాన్ని సవరించడం ఆ సముదాయ పౌరసత్వానికి మన విద్యారంగం తీర్చవలసిన బాకీ.