కొండ కథ ఎవరు చెప్పాలి?

డొంకరాయి పేరు మైదానంలో ఉన్నవారికి వానాకాలంలో తప్ప వినబడదు. సీలేరు పొంగినప్పుడు దినపత్రిక జిల్లా పేజీలో నాలుగు వాక్యాల వార్త వస్తుంది. జలాశయం పూర్తిస్థాయి నీటిమట్టం 1037 అడుగులనీ, ప్రస్తుతం ఇంత ఉందనీ, గేట్లెత్తి ఇన్ని క్యూసెక్కులు వదిలారనీ చెప్పి ఆ వార్త ముగుస్తుంది. తక్కిన ఏడాదంతా ఆ ఊరి ఊసుండదు. ఇటీవల కొన్ని కథాసంపుటాలనూ కవితాసంపుటాలనూ వరసగా చదువుతూ వచ్చాను. వాటిలో కొన్నిటిని డొంకరాయిలో ఉన్న రోజుల్లోనే చదివాను. చదువుతున్నంతసేపూ ఒక ప్రశ్న వెంటాడింది: ఈ కొండలు తెలుగు సాహిత్యంలోకి ఏ దారిన వచ్చాయి? ఎవరి నోట వచ్చాయి? పుస్తకాల గురించి నాలుగు మాటలు రాద్దామని కూర్చుంటే ఆ ప్రశ్న చరిత్రలోకి తీసుకుపోయింది.

ముందు ఊరి సంగతి చెప్పాలి. ఒడిశా కొండల్లో మాచ్‌ఖండ్‌గా మొదలైన నది కిందికి వచ్చేసరికి సీలేరు అవుతుంది. కూనవరం దగ్గర గోదావరిలో కలిసే శబరిలో చేరేలోపు దాని నీటిని మనం పదే పదే విద్యుత్తుగా మార్చుకుంటాం. మాచ్‌ఖండ్ కేంద్రం 1955లో మొదలైంది. ఆ తర్వాత ఎగువ సీలేరు వచ్చింది. 1976-78 సంవత్సరాల మధ్య దిగువ సీలేరులో, అంటే పొల్లూరులో, 115 మెగావాట్ల యంత్రాలు నాలుగు బిగించారు. ఈ రెంటికీ నడుమ నీటిని నిలిపి, కాలువలోకి మళ్ళించే చోటు డొంకరాయి. అక్కడి 25 మెగావాట్ల కేంద్రం 1983 నాటిది. కోస్తా పట్టణాల్లో రాత్రి పొద్దుపోయేదాకా నవలలు చదివిన నా తరం పాఠకుల దీపాల్లో ఈ నీటి వంతు కొంత ఉంది. చుట్టూ ఉన్న కొండల్లో కోయలూ, కొండరెడ్లూ, మరికొన్ని తెగలవారూ నివసిస్తారు. వారిలో కొండరెడ్ల మాతృభాష తెలుగే. ఈ విషయాన్ని పాఠకులు గుర్తుంచుకోవాలని కోరుతున్నాను. దీని అవసరం చివరలో వస్తుంది.

మన ప్రాచీన కావ్యాల్లో అడవికి కొదవ లేదు. వేట వర్ణన లేని ప్రబంధం అరుదు. కాని అడవి మనిషి ఒక మనిషిగా నిలబడిన సందర్భం చెప్పమంటే నాకు ముందుగా స్ఫురించేది ధూర్జటి తిన్నడు. శ్రీకాళహస్తి మాహాత్మ్యంలో ఆ బోయ యువకుడు తన తిండినే దేవుడికి పెడతాడు, తన కన్నునే పెకలించి ఇస్తాడు. శాస్త్రం తెలిసిన పూజారి కన్న అతని భక్తి పెద్దదని కవి తేల్చి చెప్పాడు. అది సామాన్యమైన సాహసం కాదు. అయినా తిన్నడు మనలోకి వచ్చింది భక్తి ద్వారం గుండానే. శివుడికి కన్నివ్వకపోయి ఉంటే అతని పల్లె, అతని విల్లు, అతని జాతర మన కావ్యంలోకి వచ్చేవా అన్నది నా సందేహం.

ఆధునిక యుగంలో కొండకు చెవి ఒగ్గిన మొదటి తెలుగు పండితుడు గిడుగు రామమూర్తి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉంటూ సవరల దగ్గర కూర్చుని వారి భాష నేర్చుకున్నారు. వారి పిల్లలకు బడులు పెట్టారు. ఆయన రాసిన సవర భాషా వ్యాకరణం 1931లోనూ, నిఘంటువు 1938లోనూ అచ్చయ్యాయి. వ్యావహారిక భాషోద్యమం కన్న ముందునుంచీ ఈ సవర కృషి ఉంది. లిపి లేని భాషకు కూడా నియమం ఉంటుందనీ, జనం నోట ఉన్నదే భాష అనీ ఆయనకు కొండమీదనే స్పష్టపడి ఉంటుందని నాకనిపిస్తుంది. అదే నిజమైతే, ఈరోజు నేను రాస్తున్న ఈ వచనం వెనుక కూడా సవరల ఋణం ఉన్నట్టే. ఆ ఋణాన్ని మన సాహిత్య చరిత్రలు ఒక పాదసూచికలో తీర్చివేస్తాయి.

ఇక తిరుగుబాట్లు. మన్యం అనగానే అందరి మనసులోనూ మెదిలే పేరు ఒక్కటే. కాని చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ 1982లో ప్రకటించిన వ్యాసంలో గూడెం, రంప కొండల తిరుగుబాట్లను 1839 నుంచి 1924 వరకు ఒక వరసగా చూపించాడు. అల్లూరి సీతారామరాజు ఆ వరసలో చివరివాడు. 1879లో రంప కొండలు భగ్గుమన్నప్పుడు ముందు నిలిచినవారు కారం తమ్మన్నదొర, ద్వారబంధాల చంద్రయ్య వంటివారు. మన్సబుదారు పెత్తనమూ, పోలీసుల దౌర్జన్యమూ, కల్లు మీద వేసిన చిగురుపన్నూ దానికి కారణాలు. కొండవాడికి కల్లు విలాసం కాదు. వేసవిలో గింజలు నిండుకున్నప్పుడు అది తిండి. తిండి మీద పన్ను వేశారు గనుక తిరగబడ్డారు. తర్వాత 1882 నాటి మద్రాసు అటవీచట్టం పోడుకు అడ్డుగోడ కట్టింది. ఇక 1920 ప్రాంతంలో గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్, రోడ్డు పనికి మనుషులను తోలి కూలి ఎగవేశాడు. 1922 ఆగస్టు 22, 23, 24 తేదీల్లో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరసగా జరిగిన దాడుల వెనుక ఇంత కథ ఉంది.

మన సాహిత్యం ఈ వరసలో ఎవరిని ఎన్నుకున్నదో చూడండి. మైదానం నుంచి వచ్చిన, చదువుకున్న నాయకుణ్ణి. అల్లూరి త్యాగాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1924 మే 7న కొయ్యూరు దగ్గర ముగిసిన ఆ జీవితం బుర్రకథలకూ, జీవితచరిత్రలకూ, 1974 నాటి చలనచిత్రానికీ వస్తువైంది. ఆ చిత్రంలో రాసిన పాటకే శ్రీశ్రీ జాతీయ పురస్కారం అందుకున్నారు. అవన్నీ తగినవే. కాని ఆయన అనుచరుడు గాం మల్లుదొర మాటేమిటి? అన్న గంటందొర 1924 జూన్‌లో పోరాడుతూ మరణించాడు. మల్లుదొర పట్టుబడి అండమాన్ జైలుకు వెళ్ళాడు. 1952లో విశాఖపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. కొండ ముఠా నుంచి అండమాన్‌కు, అక్కడి నుంచి ఢిల్లీకి నడిచిన ఆ జీవితం ఒక మహానవలకు సరిపోతుంది. మనం మాత్రం ఆయన్ని నాయకుడి వెనుక నిలబడ్డ నీడగా చూడటానికి అలవాటు పడ్డాం.

ఉత్తరాన శ్రీకాకుళం కొండల్లో కథ ఇంకోలా నడిచింది. 1967 అక్టోబరు 31న లేవిడిలో కోరన్న, మంగన్న అనే ఇద్దరు గిరిజనులు భూస్వాముల తుపాకులకు బలయ్యారు. వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం అనే ఉపాధ్యాయులు నడిపిన ఉద్యమం తెలుగు కవిత్వపు గొంతునే మార్చివేసింది. సుబ్బారావు పాణిగ్రాహి ఉత్తరాంధ్ర పల్లెల జముకుల కథను ఆయుధంగా మలుచుకుని 1969 డిసెంబరులో ప్రాణాలిచ్చాడు. 1970 జులై 4న విరసం ఏర్పడిన ఆరు రోజులకే సత్యం, కైలాసం మరణించారు. ఆ కాలపు కవిత్వం చదివితే ఈనాటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అయినా ఆ కవితల్లో కొండ ఒక జెండాగా కనిపించినంతగా ఒక ఇల్లుగా కనిపించదు. ఆ ఇంట్లో ఏం వండుకుంటారు, ఏ పాటకు నిద్రపోతారు అన్నది కవికి తెలియకనో, తీరికలేకనో మిగిలిపోయింది.

తర్వాతి దశలో అధికారి వచ్చాడు. ఇది మన ఒక్కరి సంగతే కాదు. విభూతిభూషణ్ బందోపాధ్యాయ ‘ఆరణ్యక్’ను సూరంపూడి సీతారాం ‘వనవాసి’గా అందించారు. అందులో కథకుడు అడవిని పాటలిచ్చి నరికించే ఉద్యోగి. తాను ప్రేమించినదాన్ని తన చేతులతోనే రూపుమాపానన్న బాధ ఆ నవలకు ప్రాణం. సీలేరుకు అవతలి ఒడ్డున కోరాపుట్‌లో ఉద్యోగం చేసిన గోపీనాథ్ మహంతి ‘పరజా’ రాశారు. అటవీ ఉద్యోగి పగ, షావుకారు అప్పు, వెట్టి కలిసి ఒక కుటుంబాన్ని ఎలా నమిలివేశాయో అందులో ఉంది. ఆయన ‘అమృతర సంతాన’కు 1955లో సాహిత్య అకాడెమీ పురస్కారం వచ్చింది. పురిపండా అప్పలస్వామి దాన్ని తెలుగులోకి తెచ్చారు. మహాశ్వేతాదేవి బిర్సా ముండా నవల సహవాసి అనువాదంలో ‘ఎవరిదీ అడవి?’ అయింది. మన దగ్గర, గిరిజన సంక్షేమశాఖలో పనిచేసిన వాడ్రేవు చినవీరభద్రుడు తన అనుభవాలను ‘కొన్ని కలలు కొన్ని మెలకువలు’గా రాశారు. కొండపిల్లల చదువు గురించి తెలుగులో అంత నిజాయితీగా తర్కించుకున్న పుస్తకం నేను మరొకటి చదవలేదు. 1983లో అల్లం రాజయ్య, సాహు కలిసి రాసిన ‘కొమురం భీం’ నవలను కూడా ఇక్కడే చెప్పుకోవాలి. జోడేఘాట్ గోండుల జ్ఞాపకాలకు దగ్గరగా వెళ్ళిన రచన అది.

ఇన్ని తరాల్లో కొండెక్కిన వారందరినీ లెక్కవేస్తే కవి, పండితుడు, వీరుడు, విప్లవకారుడు, అధికారి వస్తారు. అందరూ కిందినుంచి పైకి వెళ్ళినవారే. ఇటీవల నేను చదివిన పుస్తకాలు నాకు కొత్తగా తోచడానికి కారణం అదే. వీటిలో కథ పైనుంచి కిందికి దిగివస్తున్నది.

పార్వతీపురం ఏజెన్సీ నుంచి రాస్తున్న మల్లిపురం జగదీశ్ కథాసంపుటి ‘శిలకోల’ 2011లో వచ్చింది. ‘దుర్ల’ ఆయన కవిత్వం. ఆయన రచనలో కొండ దృశ్యం కాదు, చిరునామా. భూమి చేజారడం గురించి మైదానపు రచయిత రాస్తే 1/70 చట్టం ముందు గుర్తుకొస్తుంది. జగదీశ్ రాస్తే ఆ భూమి మీద జరిగే పండుగ ముందు గుర్తుకొస్తుంది. చట్టం ఆ తర్వాతి మాట. ఆగ్రహం ఇద్దరిదీ నిజమే, కాని పోయినదేమిటో ఇంటివాడికి తెలిసినట్టు ఇతరులకు తెలియదు.

తెలంగాణ తండా నుంచి వచ్చిన రమేశ్ కార్తీక్ నాయక్ ఈ తరం వాడు. ‘బల్దేర్ బండి’ కవితలు 2018లోనూ, ‘ఢావ్లో’ కథలు 2021లోనూ వెలువడ్డాయి. ‘ఢావ్లో’కు 2024లో సాహిత్య అకాడెమీ యువ పురస్కారం లభించింది. బంజారా పెళ్ళిలో వధువు ఏడుస్తూ పాడే పాటను ఢావ్లో అంటారు. ఆ ఒక్క పేరులోనే ఒక సమాజపు వేడుకా దుఃఖమూ ఇమిడి ఉన్నాయి. ఆచార్య సూర్యాధనంజయ్‌తో కలిసి ఆయన సంకలనం చేసిన ‘కేసులా’ బంజారా కథలను ఒకచోట చేర్చింది. ఇవి సీలేరు కొండల కథలు కావు, తండా వేరు, గూడెం వేరు. అయినా ఇక్కడ ప్రస్తావించడానికి కారణం ఉంది. ఇంట్లో గోర్ భాష మాట్లాడే పిల్లవాడు తెలుగును తన చేతిలోకి తీసుకుని, తన మాటలను అందులో బతికించుకున్నాడు. తెలుగు పరాయి భాష అయిన చోట ఈ పని జరిగింది.

ఇప్పుడు మళ్ళీ డొంకరాయి వైపు చూద్దాం. కొండరెడ్ల మాతృభాష తెలుగని మొదట చెప్పాను. వారి గురించి ప్రసిద్ధమైన గ్రంథం హైమెండార్ఫ్ 1945లో ప్రకటించిన ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’. తెలుగు మాట్లాడే మనుషుల జీవితాన్ని ఒక ఆస్ట్రియా దేశస్థుడు ఇంగ్లీషులో రాస్తే మనం తెలుసుకున్నాం. నన్నయ నుంచి నేటిదాకా వెయ్యేళ్ళ సాహిత్యం ఉందని చెప్పుకునే మనకు ఇది చిన్న సంగతి కాదు. 2022లో ఆ ప్రాంతానికి అల్లూరి సీతారామరాజు పేరు జిల్లాగా పెట్టారు. అదే ఏడాది అల్లూరిని, భీమ్‌ను కలిపి తీసిన ‘ఆర్ఆర్ఆర్’ ప్రపంచమంతా చూసింది. పేరు దక్కింది, బొమ్మ దక్కింది. ఇక దక్కవలసింది మాట.

ఒక హెచ్చరిక పాఠకులుగా మనకే చెప్పుకోవాలి. ఇటువంటి రచనలను మనం సమాచారం కోసం చదువుతాం. వారి ఆచారాలేమిటి, కష్టాలేమిటి అని అడిగి, జాలిపడి, మెచ్చుకుని పక్కన పెడతాం. వాక్యం ఎలా ఉంది, కథ ఎక్కడ బిగిసింది, ఎక్కడ సడలింది అని అడగం. అది మర్యాదలా కనిపించే చిన్నచూపు. ‘ఢావ్లో’లో ఒక గోర్ మాట తెలియకపోతే అర్థం ఎందుకివ్వలేదని విసుక్కుంటాం. ప్రబంధంలో సమాసం తెలియకపోతే నిఘంటువు తీస్తాం. రెండోచోట చూపే ఓపిక మొదటిచోటా చూపగలిగితే, ఈ పుస్తకాలు మనకు ఇంకా చాలా ఇస్తాయి.

చదవాలనుకునే మిత్రులకు నా సలహా ఒకటే. ముందు ‘వనవాసి’ చదవండి, కొండెక్కిన మనిషి మనస్సాక్షి ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఆ వెంటనే ‘శిలకోల’, ‘ఢావ్లో’ చదవండి. అడవిని పోగొట్టినందుకు బాధపడటం వేరు, అడవి పోయాక కూడా అక్కడే బతకడం వేరు. ఆ తేడా ఏ విమర్శకుడూ చెప్పనక్కరలేకుండానే మీకు అందుతుంది.