కియా, దాని ప్రత్యర్థులు: తెలుగునాట కార్ల పోటీ చరిత్ర

కియా దక్షిణ కొరియాకు చెందిన కార్ల తయారీ సంస్థ. దీని భారతీయ కర్మాగారం ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీ సత్యసాయి జిల్లా పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద, 44వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగే దాకా ఇది అనంతపురం జిల్లాలో ఉండేది. తెలుగు రాష్ట్రాల్లో ప్రయాణికుల కార్లను లక్షల సంఖ్యలో తయారుచేసిన తొలి కర్మాగారం ఇదే. మారుతి సుజుకి, హ్యుందాయ్, టాటా, మహీంద్రా అప్పటికే వేళ్లూనుకున్న మార్కెట్లోకి కియా 2019లో అడుగుపెట్టి, పదకొండు నెలల్లో లక్ష కార్లు అమ్మింది.

పూర్వరంగం

హైదరాబాదుకు మోటారు కారు నిజాముల కాలంలోనే వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కోసం 1911లో రోల్స్‌రాయిస్‌కు ఆర్డరు వెళ్లింది. కారు తయారై వచ్చేలోగా ఆయన కన్నుమూశారు. 1932లో నిజాం రైల్వే సంస్థ 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించింది. స్వాతంత్ర్యం తరువాత మూడున్నర దశాబ్దాలు దేశమంతటా లాగే ఇక్కడ కూడా అంబాసిడర్, ఫియట్ తప్ప కొనేవారికి చెప్పుకోదగ్గ ఎంపిక లేదు. డబ్బు కట్టాక బండి కోసం ఏళ్ల తరబడి కాచుకుని కూర్చోవలసి వచ్చేది.

హైదరాబాదులో అమీర్‌పేటకు దగ్గర్లోని సనత్‌నగర్ పారిశ్రామికవాడ ఈ చరిత్రలో మరిచిపోకూడని చోటు. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ అక్కడ రిఫ్రిజిరేటర్లు, బస్సుల బాడీలు తయారుచేసింది. నగర వీధుల్లో తిరిగిన డబుల్ డెక్కర్ బస్సుల్లో ఆల్విన్ పనితనం కనిపించేది. 1980లలో ఆ సంస్థ జపాన్‌కు చెందిన నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో తేలికపాటి వాణిజ్య వాహనాలు తయారుచేయసాగింది. ఆ దశాబ్దం ముగిసేనాటికి ఈ వ్యాపారం మహీంద్రా చేతికి వెళ్లింది. జహీరాబాద్ కర్మాగారం మహీంద్రా పేరుతో నేటికీ నడుస్తోంది. తెలుగువాళ్లకు మోటారు తయారీ చేతకాని పని కాదని ఆల్విన్ ఆనాడే రుజువు చేసింది.

1983 డిసెంబరు 14న మారుతి 800 రోడ్డెక్కింది. చిన్న ఇంజను, మంచి మైలేజీ, ఊరూరా దొరికే స్పేరు పార్టులు. ఈ మూడింటితోనే మారుతి దేశపు కార్ల మార్కెట్‌ను గుప్పిట్లో పెట్టుకుంది. 1993లో కార్ల తయారీకి లైసెన్సు విధానం ఎత్తివేశాక డేవూ, ఫోర్డ్, హ్యుందాయ్, హోండా, టొయోటా వరసగా వచ్చాయి. హ్యుందాయ్ 1996లో తమిళనాడులోని శ్రీపెరుంబుదూరు ప్రాంతాన్ని ఎంచుకుంది. 1998 సెప్టెంబరులో హ్యుందాయ్ శాంత్రోను, అదే ఏడాది డిసెంబరులో టాటా ఇండికాను విడుదల చేశాయి. రేవు, విడిభాగాల కంపెనీలు ఒకేచోట ఉండటంతో చెన్నై చుట్టుపక్కల కార్ల పరిశ్రమ పెరిగింది. తెలుగునేల మాత్రం కార్లు కొనే చోటుగానే మిగిలిపోయింది.

2005లో విశాఖపట్నానికి ఫోక్స్‌వ్యాగన్ వస్తుందన్న ఆశ పుట్టింది. కంపెనీ కోసమని రాష్ట్ర ప్రభుత్వం రూ.11 కోట్లకు పైగా ఒక మధ్యవర్తి సంస్థకు చెల్లించింది. ఆ సంస్థతో తమకు సంబంధం లేదని ఫోక్స్‌వ్యాగన్ చెప్పడంతో వ్యవహారం సీబీఐ విచారణ దాకా వెళ్లింది. కర్మాగారం పుణె దగ్గరి చకన్‌కు తరలిపోయింది. 2016 ఏప్రిల్‌లో శ్రీసిటీలో ఇసుజు కర్మాగారం ప్రారంభమైనా, అందులో తయారైనవి ప్రధానంగా పికప్ వాహనాలు.

కొరియా నుంచి ఎర్రమంచికి

కియా 1944లో ఉక్కు గొట్టాలు, సైకిల్ విడిభాగాలు చేసే చిన్న సంస్థగా పుట్టింది. 1997 నాటి ఆసియా ఆర్థిక సంక్షోభంలో దివాలా తీయగా, మరుసటి ఏడాది హ్యుందాయ్ దాన్ని చేజిక్కించుకుంది. ఆ తరువాత కియాలో హ్యుందాయ్ వాటా మూడో వంతు దగ్గర నిలిచింది. ఇంజన్లు, ప్లాట్‌ఫారాలు రెండింటికీ ఉమ్మడివి. రూపకల్పన, అమ్మకం ఎవరిది వారిదే. భారత మార్కెట్లో అన్నదమ్ములిద్దరూ ఒకే గిరాకీ కోసం ఎదురెదురు కొట్లు తెరిచినట్టయింది.

2017 ఏప్రిల్ 27న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో కియా అవగాహన ఒప్పందం చేసుకుంది. పెట్టుబడి 110 కోట్ల డాలర్లు, స్థలం 536 ఎకరాలు, సామర్థ్యం ఏడాదికి 3 లక్షల కార్లు. ఆ ప్రాజెక్టు కోసం తమిళనాడు సహా ఇతర రాష్ట్రాలూ పోటీపడ్డాయి. అనంతపురం జిల్లా సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. కరువుకు మారుపేరైన ఆ చోటికి కార్ల కంపెనీ ఎందుకు వచ్చిందన్న ప్రశ్నకు సమాధానం రాయితీల్లో కంటే నీళ్లలో ఎక్కువగా దొరుకుతుంది. హంద్రీ–నీవా కాలువ ద్వారా కృష్ణా జలాలు గొల్లపల్లి రిజర్వాయరుకు చేరడంతో కర్మాగారానికి నీటి భరోసా కలిగింది. ముందు నుంచే జాతీయ రహదారి ఉంది. బెంగళూరు దాదాపు 150 కిలోమీటర్లు. చెన్నైలోని హ్యుందాయ్ విడిభాగాల సరఫరాదారులు ఒక పగటి ప్రయాణంలో అందుబాటులో ఉంటారు. భూమి చదును చేసి అప్పగించే పనిని రాష్ట్ర యంత్రాంగం మెచ్చుకోదగిన వేగంతో పూర్తిచేసింది.

2018 ఫిబ్రవరి 22న తొలి ఉక్కు ఫ్రేము నిలబెట్టారు. 2019 జనవరి 29న ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడు సమక్షంలో ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలైంది. ఆగస్టు 8న తొలి కారు సెల్టోస్ బయటికి వచ్చింది. డిసెంబరు 5న ముఖ్యమంత్రి వై.ఎస్. జగన్‌మోహన్ రెడ్డి కర్మాగారాన్ని లాంఛనంగా ప్రారంభించారు. 2020 ఫిబ్రవరిలో కర్మాగారం తమిళనాడుకు తరలిపోవచ్చంటూ రాయిటర్స్ వార్తాసంస్థ ఒక కథనం ఇవ్వగా, కంపెనీ, ప్రభుత్వం రెండూ ఖండించాయి. కర్మాగారం కదల్లేదు.

విజయనగర రాజులు 1565లో రాక్షసి తంగడి యుద్ధం తరువాత రాజధానిగా చేసుకున్న పెనుకొండలో ఇప్పుడు దుకాణాల బోర్డుల మీద తెలుగు, కన్నడం పక్కన కొరియా లిపి కనిపిస్తుంది. కొరియా భోజనం పెట్టే హోటళ్లు వచ్చాయి. మోబిస్ వంటి అనుబంధ కంపెనీలు అమ్మవారుపల్లి చుట్టుపక్కల స్థిరపడ్డాయి.

సెల్టోస్ ఎత్తుగడ

కొత్తగా వచ్చే కంపెనీ చిన్న కారుతో మొదలుపెట్టి మెల్లగా పైకి వెళ్లడం భారత మార్కెట్లో ఆనవాయితీ. మారుతి 800తో, హ్యుందాయ్ శాంత్రోతో అలాగే వచ్చాయి. కియా ఆ దారి పట్టలేదు. తొలి బండిగా మధ్యతరహా ఎస్‌యూవీ సెల్టోస్‌ను తెచ్చింది. 2019 జూలై 16న బుకింగులు తెరిచిన మొదటి రోజే 6,046 వచ్చాయి. ఆగస్టు 22న ప్రకటించిన ప్రారంభ ఎక్స్ షోరూం ధర రూ.9.69 లక్షలు. ఆ ఏడాది వాహన పరిశ్రమ మొత్తం మాంద్యంలో ఉంది. కంపెనీలు ఉత్పత్తి తగ్గించుకుంటున్న రోజుల్లో సెల్టోస్‌కు వెయిటింగ్ పీరియడ్ నడిచింది.

ఈ ఎత్తుగడ ఫలించడానికి కారణాలు స్పష్టం. మొదటిది, సెల్టోస్ మూడు ఇంజన్లూ తొలినుంచే బీఎస్–6 కాలుష్య ప్రమాణాలకు తగినవి. 2020 ఏప్రిల్ గడువుకు ముందు పాత సరుకు వదిలించుకోవడంలో ఇతరులు సతమతమవుతుంటే కియాకు ఆ బాధ లేదు. రెండోది డీజిల్. మారుతి అదే గడువుతో డీజిల్ ఇంజన్లకు స్వస్తి చెప్పింది. వారానికోసారి ఊరికి వెళ్లొచ్చేవారు, రోజూ హైవే మీద తిరిగే వ్యాపారులు డీజిల్‌నే కోరుకునే రాష్ట్రాల్లో ఆ ఖాళీని హ్యుందాయ్, కియా, టాటా, మహీంద్రా పంచుకున్నాయి. మూడోది, పెద్ద టచ్ స్క్రీన్, గాలి తగిలే సీట్లు, ఫోనుతో కలిపే సాంకేతికత వంటి హంగులను పాతిక లక్షల రూపాయల కార్ల నుంచి సగం ధరకు దింపడం. హ్యుందాయ్‌కి దేశంలో అప్పటికే ఇరవయ్యేళ్ల అనుభవం ఉంది. ఆ సరఫరా వ్యవస్థ చేతికి సిద్ధంగా అందినందువల్లే ఇది సాధ్యమైంది.

2020 సెప్టెంబరు 18న రూ.6.71 లక్షల ప్రారంభ ధరతో సోనెట్ వచ్చింది. 4 మీటర్ల లోపు పొడవున్న చిన్న ఇంజన్ కార్లకు దేశంలో 2006 నుంచి పన్ను రాయితీ ఉంది. టాటా నెక్సాన్, మారుతి బ్రెజా, హ్యుందాయ్ వెన్యూ పుట్టుకకు మూలం ఆ నిబంధనే. సోనెట్‌ను దాన్ని దృష్టిలో పెట్టుకునే రూపొందించారు. 2022 ఫిబ్రవరిలో మూడు వరసల సీట్లున్న కారెన్స్ రూ.8.99 లక్షలకు వచ్చింది. అమ్మానాన్నలను, పిల్లలను ఒకే బండిలో తిరుమలకు తీసుకెళ్లాలనుకునే ఉమ్మడి కుటుంబానికి అది సరిగ్గా అతికింది. 2023 జూలైలో ఎర్రమంచి పదిలక్షలవ కారును బయటికి పంపింది.

అమీర్‌పేట, పంజాగుట్టల్లో

పంజాగుట్ట నుంచి బేగంపేట, సోమాజిగూడ వైపు సాగే రోడ్లు హైదరాబాదులో కార్ల షోరూంలకు పాత చిరునామా. కార్లను రిజిస్టరు చేసే ఖైరతాబాద్ ఆర్టీఏ కార్యాలయం దగ్గరలోనే ఉంది. ఏపీ 09, తరువాత టీఎస్ 09, 2024 మార్చి నుంచి టీజీ 09 సిరీస్ నంబర్లు అక్కడివే. ఫ్యాన్సీ నంబర్ల వేలం పాటల్లో ఆ సిరీస్‌కున్న గిరాకీ తెలిసిందే.

షోరూంలో డెలివరీ రోజు దృశ్యం కంపెనీ ఏదైనా ఒక్కటే. కారు మీద ఎర్రటి గుడ్డ కప్పి ఉంచుతారు. ఇంటిల్లిపాదీ ఫొటో దిగాక గుడ్డ తీస్తారు. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి ముందుకు నడిపిస్తారు. బయటికి రాగానే చాలామంది బండిని బల్కంపేట ఎల్లమ్మ గుడికి తోలి పూజ చేయించి, కొబ్బరికాయ కొట్టాకే ఇంటి దారి పడతారు. అంతకుముందు నెలల తరబడి సాగే బేరం మాత్రం భావోద్వేగం లేని లెక్క. తెలంగాణలో 2022 మేలో పెట్టిన రేట్ల ప్రకారం వ్యక్తిగత కారుకు ధర రూ.5–10 లక్షలైతే 14 శాతం, రూ.10–20 లక్షలైతే 17 శాతం జీవితకాల పన్ను పడేది. పది లక్షల గీత దాటితే ఆన్ రోడ్ ధర ఒక్కసారిగా పెరుగుతుంది. అందుకే అన్ని కంపెనీలూ ఆ గీతకు ఇటువైపున ఒకటి రెండు వేరియంట్లు తప్పకుండా ఉంచుతాయి. మారుతి సేల్స్ మనిషి మైలేజీ, సర్వీసు ఖర్చు, రీసేల్ గురించి చెబుతాడు. టాటా వాళ్లు భద్రతా నక్షత్రాలు చూపిస్తారు. కియా వాళ్లు స్క్రీన్ ఆన్ చేసి సన్‌రూఫ్ తెరుస్తారు.

అమీర్‌పేటకు ఈ పరిశ్రమతో మరో సంబంధం ఉంది. మైత్రీవనం చుట్టూ ఉన్న శిక్షణ సంస్థల్లో సాఫ్ట్‌వేర్ కోర్సుల పక్కనే ఆటోక్యాడ్, క్యాటియా వంటి డిజైన్ కోర్సులూ నేర్పుతారు. కారు తలుపు వంపు నుంచి డాష్‌బోర్డు దాకా గీసేది అలాంటి పరికరాలతోనే. జిల్లాల నుంచి వచ్చి హాస్టల్ గదుల్లో సర్దుకుని ఉంటున్న మెకానికల్ ఇంజనీరింగ్ పట్టభద్రులకు ఆ కోర్సు ఉద్యోగానికి తొలి మెట్టు. హ్యుందాయ్ 2006లో హైదరాబాదులోనే ఇంజనీరింగ్ కేంద్రం నెలకొల్పింది. జర్మనీకి చెందిన విడిభాగాల సంస్థ జడ్ఎఫ్ సాంకేతిక కేంద్రమూ నగరానికి వచ్చింది. కారు రూపకల్పన పని హైదరాబాదుకు ముందే చేరింది. కారు తయారీ తెలుగునేలకు చేరడానికి మరో దశాబ్దం పైన పట్టింది.

2017 నవంబరులో మెట్రో ప్రారంభమై అమీర్‌పేట కూడలి స్టేషన్ అయ్యాక ఆఫీసు ప్రయాణం చాలామందికి రైలుకు మారింది. పార్కింగు ఇరుకు అలాగే ఉంది. అయినా ఎస్‌యూవీల గిరాకీ తగ్గలేదు.

ప్రత్యర్థుల జవాబు

భద్రత మొదట్లో కియా బలహీనత. 2020 నవంబరులో గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో సెల్టోస్‌కు మూడు నక్షత్రాలే వచ్చాయి. టాటా నెక్సాన్ 2018లోనే ఐదు నక్షత్రాలు సాధించిన తొలి భారతీయ కారు. ఆ పేరును టాటా కొనుగోలుదారుడి ముందు గట్టిగా వాడుకుంది. 2024లో దేశంలో అత్యధికంగా అమ్ముడైన కారు టాటా పంచ్. దశాబ్దాలుగా మారుతి మోడళ్లకే దక్కుతూ వచ్చిన స్థానం అది. 2025లో తన మరో కారు సైరోస్‌కు భారత్ ఎన్‌క్యాప్‌లో ఐదు నక్షత్రాలు రావడంతో కియా ఆ లోటును కొంత పూడ్చుకుంది.

థార్, ఎక్స్‌యూవీ 700, స్కార్పియో–ఎన్‌లతో మహీంద్రా పుంజుకుని, 2025లో నెలవారీ అమ్మకాల్లో హ్యుందాయ్‌ను దాటి రెండో స్థానానికి వచ్చింది. 2018–19లో మార్కెట్లో సగం తనదే అయిన మారుతి వాటా 40 శాతం చుట్టుపక్కలకు జారింది. 2022లో గ్రాండ్ విటారాతో, సీఎన్‌జీ కార్ల విస్తరణతో అది నిలదొక్కుకుంది. సీఎన్‌జీ, చౌక చిన్నకారు రెండూ అప్పటికి కియా చేతిలో లేని ఆయుధాలు. 2024 దాకా ఏడాదికి రెండున్నర లక్షల అమ్మకాల దగ్గర అది ఆగడానికి ముఖ్య కారణం ఇదే. జనరల్ మోటార్స్ 2017లో అమ్మకాలు ఆపేసింది, ఫోర్డ్ 2021లో తయారీకి స్వస్తి పలికింది. అంతటి సంస్థలు నిలవలేని మార్కెట్లో ఆ సంఖ్య చిన్నదేమీ కాదు.

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. 4 మీటర్ల లోపు చిన్న ఇంజన్ కార్లకు 18 శాతం, మిగతా పెట్రోల్, డీజిల్ కార్లకు 40 శాతం. సోనెట్, సైరోస్ మొదటి తరగతిలోకి, సెల్టోస్, కారెన్స్ రెండో తరగతిలోకి వచ్చాయి.

విద్యుత్ కార్లలో టాటా 2020 జనవరిలోనే నెక్సాన్ ఈవీతో ముందుకు వెళ్లగా, కియా 2022లో దిగుమతి చేసిన ఖరీదైన ఈవీ6 తెచ్చింది. ఎర్రమంచిలో తయారైన తొలి కియా విద్యుత్ కారు కారెన్స్ క్లావిస్ ఈవీ 2025 జూలైలో రూ.17.99 లక్షల ప్రారంభ ధరకు విడుదలైంది. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో ప్రకటించిన విధానం ప్రకారం 2026 డిసెంబరు 31 దాకా విద్యుత్ కార్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము లేవు.