రెండు చోట్ల శ్రుతి కలియవలెను

శ్రీ సత్యసాయి జిల్లాలోని ముదిగుబ్బకు నైరుతి దిశలో, 1565 తరువాత విజయనగర రాజులకు రాజధానియైన పెనుకొండ కలదు. దానికి దక్షిణమున లేపాక్షి. అచ్చటి వీరభద్రాలయపు నాట్యమంటప స్తంభములపై వాద్యములు పట్టిన శిల్పములున్నవి. అది అచ్యుతదేవరాయల కాలపు నిర్మాణము. ఆ రాజు పేరు ఒక వీణకును నిలిచినది. అళియ రామరాయల ఆదరమున రామామాత్యుడు 1550లో రచించిన ‘స్వరమేళకళానిధి’లో ‘అచ్యుతరాజేంద్ర మేళవీణ’ వర్ణింపబడినది. వీణ మెట్ల విషయమున ఆ పండితుడు ఎదుర్కొన్న ప్రశ్నయే నాలుగు శతాబ్దుల పిదప విద్యుద్వాద్యములలో మరల తలయెత్తినది.

వీణపై ఒకే మెట్టు అన్ని తంత్రులకును ఉమ్మడి. బిరడ త్రిప్పిన తంత్రి శ్రుతి మొత్తముగా ఎక్కును, లేదా దిగును. స్వరమునకు స్వరమునకు గల దూరము మాత్రము మెట్లు అమర్చిన తీరును బట్టి యుండును. రామామాత్యుని శుద్ధమేళ వీణలో నాలుగు తంత్రులు వరుసగా షడ్జ, పంచమ, షడ్జ, మధ్యమములకు శ్రుతి చేయబడును. మధ్యమపు తంత్రి రెండవ మెట్టుపై పంచమమును పలుకును. ఆ నాదము పంచమపు తంత్రి నాదమునకు సరిగా ఒక స్థాయి పైన నిలువవలెను. తంత్రులన్నియు శ్రుతిలో నుండియు ఇది కుదరనిచో దోషము బిరడది కాదు, మెట్టుది.

1964లో అమెరికాలో రాబర్ట్ మూగ్, స్వరకర్త హెర్బర్ట్ డాయిచ్ సహకారముతో మాడ్యులర్ సింథసైజరు నమూనాను నిర్మించెను. ఇందు నాదమును పుట్టించు భాగము ఆసిలేటరు. దానికి ఏ స్వరము పలుకవలెనో వోల్టేజి తెలుపును. ఒక వోల్టు పెరిగిన పౌనఃపున్యము రెట్టింపగును, అనగా స్వరము ఒక స్థాయి పైకి పోవును. ఒక్కొక్క స్వరస్థానమునకు వోల్టులో 12వ వంతు, సుమారు 83 మిల్లీవోల్టులు. ఈ వోల్టేజిలను వరుసగా పంపు భాగమే సీక్వెన్సరు. మన దేశమున 1969లో అహమ్మదాబాదులోని జాతీయ డిజైను సంస్థలో, అమెరికను సంగీతవేత్త డేవిడ్ ట్యూడర్ తోడ్పాటుతో మూగ్ సింథసైజరు నెలకొన్నది.

రెండు సీక్వెన్సరులు రెండు ఆసిలేటరులను నడుపుచున్నవనుకొనుడు. మంద్ర షడ్జమున రెండును కలసినవి. తారస్థాయికి పోవుసరికి ఒకటి దిగజారినది. అప్పుడు శ్రుతి మరను త్రిప్పుట సాధారణముగా జరుగు పొరపాటు. అట్లు చేసిన పైన కలియును, క్రింద చెడును.

ముందుగా సీక్వెన్సరులను పరస్పరము మార్చి చూడవలెను. దోషము సీక్వెన్సరు వెంట పోయినచో, తీగ కలుపకముందు ఒకమారు, కలిపిన పిదప ఒకమారు, రెండు షడ్జముల వోల్టేజిలను కొలువవలెను. సీక్వెన్సరు లోపలి నిరోధము 1,000 ఓములు, ఆసిలేటరు ప్రవేశ నిరోధము 1,00,000 ఓములు అయినచో ప్రతి వోల్టును 0.99 వోల్టుగా చేరును. ఒక స్వరస్థానమును 100 సెంట్లుగా లెక్కించిన, స్థాయికి సుమారు 12 సెంట్లు, మూడు స్థాయిలకు 36 సెంట్లు తగ్గును. ఒకే సీక్వెన్సరునకు అట్టి రెండు ఆసిలేటరులను తగిలించిన లోటు ఇంచుమించు రెట్టింపగును.

దోషము ఆసిలేటరుతోనే నిలిచినచో వేడిని అనుమానింపవలెను. అందలి ట్రాన్సిస్టరులో సుమారు 18 మిల్లీవోల్టులకు విద్యుత్ప్రవాహము రెట్టింపగును. ఈ కొలత డిగ్రీకి దాదాపు 300వ వంతు మారును. ముదిగుబ్బ వంటి ఎండసీమలో ఉదయముకంటె మధ్యాహ్నము గది 10 డిగ్రీలు వేడెక్కిన, సవరణ లేని ఆసిలేటరు స్థాయికి సుమారు 40 సెంట్లు తప్పును. అందుచేతనే ఉష్ణోగ్రతను బట్టి మారు నిరోధకమును అందు చేర్చుదురు. యంత్రము కొంతసేపు వేడెక్కి కుదుటపడిన తరువాతనే శ్రుతి చేయుదురు.

ఆసిలేటరునకు సాధారణముగా రెండు సవరణలు కలవు. ఒకటి బిరడ వంటిది, రెండవది మెట్టు వంటిది. క్రింది షడ్జమును మొదటిదానితో, పై షడ్జమును రెండవదానితో సరిచేసి, రెండును నిలుచు వరకు మరల మరల చూడవలెను. ఒక బిందువు గుండ ఎన్ని సరళరేఖలనైనను గీయవచ్చును; రెండు బిందువుల గుండ ఒక్కటియే పోవును. తరగతిలో ఒక బ్యాటరీ, రెండు నిరోధకములు, ఒక వోల్టుమీటరు ఉన్న చాలును, పై లోటును విద్యార్థులు తామే కొలిచి చూడగలరు.