ఋణమూలము

గణితము ఇంగ్లీషు చదువుతోడనే మన దేశమునకు వచ్చినదని తలఁచువారు కొందఱు. సర్వమును మన పూర్వులే ముగించిరని చెప్పువారు మఱికొందఱు. ఈ యిరువురును పావులూరి మల్లన సారసంగ్రహ గణితమును తెఱచి చూచినవారు కారు. పదునొకండవ శతాబ్దివాఁడని పెక్కురు తలఁచు నీ కవి, జైనాచార్యుఁడగు మహావీరుని సంస్కృత గ్రంథమైన గణితసారసంగ్రహమును తెలుఁగు పద్యములలోనికిఁ దెచ్చెను. ఆ సంస్కృత గ్రంథము క్రీ. శ. 850 ప్రాంతమున, రాష్ట్రకూట ప్రభువు అమోఘవర్ష నృపతుంగుని కాలమున వెలసినది. మల్లన దానిని మక్కికి మక్కి దింపలేదు. లెక్కలను తెలుఁగునాటి కొలతలకు, నాణెములకు మార్చెను. కరణమునకును వర్తకునకును పనికివచ్చుటయే ఆయన కోరిక కాఁబోలు.

మహావీరుని ప్రకీర్ణక వ్యవహారమున మూలజాతి యను లెక్కలు కలవు. వానిలో తెలియని రాశితోపాటు దాని వర్గమూలమును వచ్చును. ఆ మచ్చున మన పలనాటి లెక్క యొకటి చూతము. ఒక గొఱ్ఱెలమందలో సగము కొండవాలున మేయుచున్నది. మంద వర్గమూలమునకు మూఁడింతలు నాగులేటి యొడ్డున నీరు త్రాగుచున్నవి. దొడ్డిలో 8 మిగిలినవి. మంద యెంత?

వర్గమూలమును ‘య’ అనుకొందము. ‘య’ వర్గమునుండి ఆఱు ‘య’లు తీసివేసిన 16 మిగులును. ఇరువైపుల 9 కలిపినచో, ‘య’లో 3 తగ్గింపఁగా వచ్చినదాని వర్గము 25 అగును. కీలక మిచ్చటనే యున్నది. 25 నకు మూలము 5 మాత్రమే కాదు, ఋణ 5 కూడ. కావున ‘య’ 8 కావలెను, లేదా ఋణ 2 కావలెను. మొదటిదానితో మంద 64: కొండపై 32, ఏటికడ 24, దొడ్డిలో 8. రెండవదానితో మంద 4. దొడ్డిలోనే 8 యుండఁగా నది యెట్లు పొసఁగును?

బడులలో ఋణమూలమును కొట్టివేయుమని చెప్పుదురు. పిల్లలు కారణ మెఱుఁగకయే కొట్టివేయుదురు. దానిని త్రోసివేసినది గొఱ్ఱెలే కాని సమీకరణము కాదు. అప్పుల లెక్కలో నట్టి ఋణమూలమే నిలువవచ్చును. ఈ మాట చెప్పుటకు అయిదు నిమిషములు పట్టదు. వంటింటి లెక్కయే చాలునని మనము మాన్పించిన యాఁడుపిల్లకు సైతము ఇది తెలియును.

ధనఋణముల వర్గములు రెండును ధనములే యనియు, ఋణరాశి స్వభావముచేతనే వర్గము కాదు గనుక దానికి మూలము లేదనియు మహావీరుఁడు నిష్కర్షగాఁ జెప్పెను. అంతవఱకు న్యాయమే. 1572లో ఇటలీదేశపు బొంబెల్లి ఆ ‘లేని’ మూలమునకే కూడిక గుణకారముల నియమములు వ్రాసి, దాని వెంటఁబోయి యొక ఘనసమీకరణమునకు మూలము సాధించెను. వచ్చినది సామాన్యమైన 4! అట్టి సంఖ్యలను కూడఁ జేర్చుకొన్నచో, ఎన్నవ ఘాతపు సమీకరణమునకు అన్ని మూలము లుండునని పిమ్మట స్థిరపడినది. 1799లో గౌస్ పండితుని సిద్ధాంతవ్యాసము అందులకు ముఖ్యమైన మెట్టు. అయినను ఆ మూలములను పట్టియిచ్చు సామాన్యసూత్రము, చతుర్విధ పరికర్మములతోను మూలములు తీయుటతోను కూర్పఁదగినది, అయిదవ ఘాతమునకు లేదని 1824లో నార్వేదేశపు ఆబెల్ నిరూపించెను. ఆ యేఁటనే యాతనికి ఇరువది రెండేండ్లు నిండెను.