గడువుల చరిత్ర: అమెరికా విమానయానంలో వాయిదా పడిన మరమ్మతులు

విమానానికి అమర్చిన ప్రతి పరికరమూ పనిచేసే స్థితిలో ఉండాలన్నది అమెరికా విమానయాన నిబంధనలకు మూలసూత్రం. అయితే వందలాది వ్యవస్థలతో కూడిన జెట్ విమానంలో ఏదో ఒక చిన్న లోపం లేని రోజంటూ దాదాపు ఉండదు కనుక, ఆ సూత్రాన్ని అక్షరాలా పాటిస్తే విమానాలలో చాలా భాగం నేలమీదే నిలిచిపోతాయి. ఈ చిక్కును విడదీయడానికి ఏర్పడినదే కనీస పరికరాల జాబితా, పరిశ్రమలో అందరూ ఎం.ఇ.ఎల్. అని పిలిచే పత్రం. ఏయే పరికరాలు పనిచేయకపోయినా, ఏయే షరతులతో, ఎన్నాళ్లపాటు విమానాన్ని నడపవచ్చునో అది నిర్ణయిస్తుంది. ఒక్కో రకం విమానానికి మూల జాబితాను ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్, అంటే ఎఫ్.ఏ.ఏ., ఆమోదిస్తే, దానికంటే కఠినంగా గానీ దానితో సమానంగా గానీ ఉండేలా విమాన సంస్థలు తమ తమ జాబితాలను తయారు చేసుకుంటాయి.

ఆ జాబితాలో లోపాలకు తరగతులున్నాయి. ‘బి’ తరగతి లోపాన్ని మూడు రోజులలో, ‘సి’ తరగతి లోపాన్ని పది రోజులలో, ‘డి’ తరగతి లోపాన్ని నూట ఇరవై రోజులలో సరిచేయాలి. లోపం బయటపడిన రోజు ఈ లెక్కలోకి రాదు. ‘ఏ’ తరగతికి గడువు ఆయా అంశం దగ్గరే రాసి ఉంటుంది. వాయిదా వేసిన లోపాన్ని లాగ్‌బుక్‌లో నమోదు చేసి, కాక్‌పిట్‌లో సంబంధిత మీట పక్కన పనిచేయడం లేదని చీటీ అంటించాలి. ఇంత జరిగినా ఆ విమానాన్ని నడపడానికి కెప్టెన్ నిరాకరించవచ్చు. బయటివారికి నిర్లక్ష్యంగా తోచే ఈ ఏర్పాటు నిజానికి తేదీ, సంతకం, బాధ్యత ఉన్న ఒక క్రమశిక్షణ. దానికి దోషమే లేదని కాదు. 2008 ఆగస్టు 20న స్పెయిన్‌లోని మాడ్రిడ్ విమానాశ్రయంలో 154 మందిని బలిగొన్న స్పానెయిర్ ప్రమాదంలో, బయటి గాలి ఉష్ణోగ్రతను కొలిచే పరికరానికి వేడినిచ్చే తీగ నేలమీదే అనవసరంగా వేడెక్కుతుండగా, మెకానిక్ జాబితా ప్రకారమే దాని విద్యుత్తును ఆపి విమానాన్ని పంపించాడు. రెక్కల ఫ్లాప్‌లను తెరవకుండానే పైలట్లు పరుగు మొదలుపెట్టినప్పుడు హెచ్చరిక మోగలేదు. వేడెక్కడానికీ హెచ్చరిక మూగబోవడానికీ కారణం ఒకే రిలే కావచ్చునన్న అనుమానాన్ని దర్యాప్తు నిర్ధారించలేకపోయింది.

అయినా అమెరికా చరిత్రను పరిశీలిస్తే ఎక్కువ ప్రాణాలు తీసినది ఈ నమోదైన వాయిదా కాదు. కనిపించిన లోపాన్ని వాయిదా వేయడం ఒకటి, లోపం ఉన్నదో లేదో చూడటాన్నే వాయిదా వేయడం మరొకటి. రెండవదానికి చీటీ ఉండదు, కెప్టెన్‌కు తెలియదు, తనిఖీల మధ్య విరామం పెంచే ఒక కాగితం మీద అది ప్రశాంతంగా జరిగిపోతుంది.

విరామాన్ని పెంచడం వెనుక గట్టి శాస్త్రమే ఉంది. తొలి దశాబ్దాలలో, యంత్రభాగం ఎంత పాతబడితే అంత ప్రమాదమన్న నమ్మకంతో, నిర్ణీత గంటలు ఎగిరిన ప్రతి భాగాన్నీ విప్పి ఓవర్‌హాల్ చేసేవారు. యునైటెడ్ ఎయిర్‌లైన్స్ ఇంజనీర్లు స్టాన్లీ నౌలాన్, హోవర్డ్ హీప్ అమెరికా రక్షణ శాఖ కోసం 1978లో వెలువరించిన నివేదిక ఈ నమ్మకాన్ని తలకిందులు చేసింది. వారు పరిశీలించిన భాగాలలో 11 శాతానికి మాత్రమే వయోపరిమితి వల్ల ప్రయోజనం ఉన్నదని తేలింది. డీసీ-8 విమానంలో 339 భాగాలకు నిర్ణీత ఓవర్‌హాల్ ఉండగా, డీసీ-10 నాటికి అవి ఏడుకు తగ్గాయి. బోయింగ్ 747 కోసం 1968లో పరిశ్రమ కూటమి రూపొందించిన ఎం.ఎస్.జి.-1 పద్ధతి, దాని తరువాతి రూపాలు ఈ ఆలోచననే స్థిరపరచాయి. అనవసరంగా విప్పడం మానినందువల్ల విమానాలు మరింత భద్రమయ్యాయన్నది నిజం. కానీ ఏ విరామాన్నైనా పెంచుకోవచ్చునన్న ధైర్యం కూడా ఆ విజయంతోపాటే వచ్చింది.

అదే 1978లో, అక్టోబరు 24న, అధ్యక్షుడు కార్టర్ సంతకంతో విమానయాన నియంత్రణల సడలింపు చట్టం అమలులోకి వచ్చింది. ఛార్జీలను ప్రభుత్వం నిర్ణయించే రోజులు పోయి, హ్యాంగర్‌లో గడిచే ప్రతి రాత్రికీ ఒక ధర ఏర్పడింది. నష్టాలలో కూరుకుపోయిన ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ మీద 1990 జులైలో బ్రూక్లిన్‌లోని ఫెడరల్ గ్రాండ్ జ్యూరీ, చేయని మరమ్మతులను చేసినట్లు రికార్డులలో రాశారని నేరాభియోగం మోపింది. విమానాన్ని వేళకు గేటు దగ్గరికి చేర్చాలన్న ఒత్తిడే దానికి మూలమని ప్రభుత్వ వాదన. ఆరు నెలలకే, 1991 జనవరిలో, ఆ సంస్థ మూతపడింది.

అంతకుముందే, 1988 ఏప్రిల్ 28న, హవాయిలో అలోహా ఎయిర్‌లైన్స్ 737 విమానం పైకప్పు గాలిలోనే ఊడిపోయి ఒక పరిచారిక మరణించింది. ఆ విమానం ఎగిరిన గంటలు 35,496 మాత్రమే అయినా, దీవుల మధ్య చిన్న చిన్న ప్రయాణాల వల్ల అది పైకెగిరి దిగిన సార్లు 89,680. లోహపు పొరను అలసటకు గురిచేసేది ఎగిరిన ప్రతిసారీ కలిగే పీడన మార్పు కాగా, తనిఖీ గడువు మాత్రం గంటలతో లెక్కకట్టారు.

అన్నిటికంటే స్పష్టమైన ఉదాహరణ 2000 జనవరి 31న కాలిఫోర్నియా తీరంలో ఆనకాపా దీవి దగ్గర కూలిన అలాస్కా ఎయిర్‌లైన్స్ 261వ నంబరు విమానం. ఆ ఎండీ-83లో ఉన్న 88 మందీ మరణించారు. విమానం ముక్కును పైకీ కిందికీ సర్దే తోక రెక్కను కదిలించేది జాక్‌స్క్రూ అనే పొడవైన ఉక్కు మర. అది ఒక మెత్తని కంచు నట్టులో తిరుగుతుంది. గ్రీజు ఎండితే ముందుగా అరిగేది నట్టు మరలే. వాటి అరుగుదలను కొలవాలంటే స్క్రూకూ నట్టుకూ మధ్య వదులు ఎంతో చూడాలి. అనుమతించిన గరిష్ఠం 0.040 అంగుళం, అంటే సుమారు ఒక మిల్లీమీటరు.

ఎండీ-83కు మాతృక అయిన డీసీ-9 తొలినాళ్లలో ఆ మరకు 300 నుంచి 350 గంటలకొకసారి గ్రీజు పెట్టాలని తయారీ సంస్థ సూచించింది. అలాస్కా సంస్థలో ఆ విరామం 1985లో 700 గంటలు, 1991లో 1,200, 1994లో 1,600 అయి, 1996లో ఎనిమిది నెలలకు, అంటే దాదాపు 2,550 గంటలకు చేరింది. వదులు కొలిచే విరామం కూడా 5,000 గంటల నుంచి ముప్పై నెలలకు, సుమారు 9,550 గంటలకు సాగింది. ఏ మెట్టుకు ఆ మెట్టు చిన్నదే, ప్రతి మెట్టూ ఎఫ్.ఏ.ఏ. పరిధిలోనే జరిగింది. మొత్తం ఎంత దూరం వచ్చామని మొదటి మెట్టు నుంచి కొలిచినవారు మాత్రం లేరు. 1997 సెప్టెంబరులో ఓక్లాండ్ హ్యాంగర్‌లో ఆ విమానానికి కొలత 0.040 రాగా, నట్టు మార్చాలని ఒక షిఫ్టువారు రాశారు. తరువాతి షిఫ్టువారు మళ్లీ మళ్లీ కొలిచి, 0.033 వచ్చిందని విమానాన్ని వదిలారు. పరిమితి అంచున నిలిచిన ఆ నట్టును మళ్లీ చూడవలసిన తేదీ 2000 మార్చి. నట్టు జనవరిలోనే ఓడిపోయింది. శిథిలాలలో దొరికిన స్క్రూ పనిచేసే భాగం మీద పనికివచ్చే గ్రీజు ఆనవాలే లేదు. 2002 డిసెంబరులో జాతీయ రవాణా భద్రతా మండలి పెంచిన విరామాలను, వాటికి ఎఫ్.ఏ.ఏ. ఇచ్చిన ఆమోదాన్ని కూడా ప్రమాదానికి దోహదపడిన కారణాలలో చేర్చింది. ప్రమాదం తరువాతి ఆదేశంతో గ్రీజు గడువు 650 గంటలకు, కొలత గడువు 2,000 గంటలకు దిగివచ్చింది.

నియంత్రకుడికీ పరిశ్రమకూ మధ్య ఉన్న సాన్నిహిత్యం ఈ కథలో పదే పదే ఎదురవుతుంది. ఫ్లోరిడాలో వాల్యూజెట్ విమానం కూలి 110 మంది మరణించిన 1996లోనే, విమానయానాన్ని ప్రోత్సహించే బాధ్యతను కాంగ్రెస్ ఎఫ్.ఏ.ఏ. మీద నుంచి తొలగించింది. అయినా సౌత్‌వెస్ట్ సంస్థ 46 విమానాలను, విమాన దేహంలో పగుళ్ల కోసం తప్పనిసరిగా చేయవలసిన తనిఖీలు లేకుండా, సుమారు 60,000 ప్రయాణాలు నడిపిందని 2008లో బయటపడింది. పొరపాటును గుర్తించిన తరువాత కూడా అవి 1,451 సార్లు ఎగిరాయి. స్థానిక పర్యవేక్షకుడు ఊరుకున్నాడని ఎఫ్.ఏ.ఏ. ఇన్‌స్పెక్టర్లే కాంగ్రెస్ ముందు సాక్ష్యమిచ్చారు. జరిమానా 75 లక్షల డాలర్ల దగ్గర తెమిలింది.

2024 జనవరి 5న పోర్ట్‌లాండ్ నుంచి బయలుదేరిన అలాస్కా 737 మ్యాక్స్-9 విమానంలో క్యాబిన్ పీడనానికి సంబంధించిన హెచ్చరిక దీపం అంతకుముందే మూడుసార్లు వెలిగి ఉండటంతో, సంస్థ దాన్ని సముద్రం మీది దూర ప్రయాణాలకు పంపకుండా ఆపి, మిగతా మార్గాలలో నడుపుతూ వచ్చింది. అందరికీ తెలిసి, నమోదై ఉన్న ఆ లోపానికీ ఆ సాయంత్రం గాలిలో తలుపు స్థానంలోని పలక ఊడిపోవడానికీ సంబంధం లేదని దర్యాప్తులో తేలింది. కొన్ని నెలల ముందు బోయింగ్ రెంటన్ కర్మాగారంలో ఆ పలకను తెరిచి మూసినప్పుడు దాన్ని పట్టి ఉంచవలసిన నాలుగు బోల్టులను తిరిగి బిగించలేదు. పలకను తెరిచినట్లు తెలిపే పత్రం ఏదీ దర్యాప్తు అధికారులకు దొరకలేదు.